ఎడమ పక్క కొమ్మలు

“ఎడమ పక్క కొమ్మలు కత్తిరించు నాన్నా. చెట్టంతా అటే ఒరిగిపోయినట్టుంది,” అంది కూతురు, తండ్రి భుజం మీదుగా చూస్తూ.

“కత్తిరించానమ్మా. రెండు పక్కలా సమానంగానే ఉంది,” అంటూ ఆయన మళ్లీ కుడి పక్కనే రెండాకులు తుంచాడు.

ఆమెకు ఒళ్లు మండింది. మూరెడు బోన్సాయ్ చెట్టు. కుడివైపు నున్నగా బోడిగా ఉంటే, ఎడమవైపు కొమ్మలు దువ్వని జుట్టులా ఎగబడి ఉన్నాయి. కళ్లెదుట ఉన్నదాన్ని కాదంటాడేమిటి ఈ మనిషి! కాసేపట్లో తండ్రి పనిచేసే నర్సరీ యజమాని వస్తాడు. చెట్టు ప్రదర్శనకు పనికొస్తే సరే, లేకపోతే ఇక ఇంటి దగ్గరే కూర్చోమని ముఖం మీదే చెప్పేశాడు. ఆ మధ్య కళ్లు తిరిగి పడిపోయి లేచిన దగ్గర్నుంచీ తండ్రిని నిలబెడుతున్నది ఈ పనే.

“ఇలా ఇవ్వు, నేను కత్తిరిస్తా.”

“నా చెట్టు మీద ఇంకొకరి చెయ్యి పడనిస్తానా?”

“అయితే ఒప్పుకో నాన్నా. నీ చేతికి పట్టు తప్పింది!”

ఆయన కత్తెర తుడిచి బల్ల మీద పెట్టేశాడు. అది చూడగానే ఆమె ప్రాణం ఉసూరుమంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

యజమాని వచ్చాడు. చెట్టు ముందు వంగి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

“అబ్బ! కొండ అంచున గాలి దెబ్బ తిన్న చెట్టు అచ్చం ఇలాగే ఉంటుంది మాస్టారూ! కొమ్మలన్నీ ఎడమకే వదిలేశారు, ఎంత ధైర్యమండీ మీకు! దీన్ని ముందు వరసలో పెడతాను. మీరిక ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.”

తండ్రి అయోమయంగా నవ్వాడు. ఆయన వినయం కూతురికి తెలియనిదా! సంతోషం వెంటే సిగ్గు ముంచుకొచ్చింది. ఇంత పనితనాన్ని పట్టుకుని ఎంత మాట అనేసింది! క్షమించమని అడగడానికి గబగబా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

తండ్రి ముఖం వెలిగిపోతోంది. యజమానికేసి చూశాడు, గుమ్మంకేసి చూశాడు.

“మా అమ్మాయి ఏదండీ? ఇప్పటిదాకా ఇక్కడే ఉంది. మీరన్నది తను కూడా వినాలి.”

కూతురు ఆయన ఎడమ పక్కనే నిలబడి ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా.