యాలకుల కేకు

అల్లవరంలో కాపురానికి వచ్చిన కొత్తలో రేవతికి తోడికోడలు సూర్యావతి కేకు చేయడం నేర్పింది. మధ్యాహ్నం అత్తగారు పురాణానికి వెళ్ళగానే ఇద్దరూ కిరసనాయిలు స్టవ్ మీద ఇసుక గిన్నె పెట్టి, కేకు పొంగేదాకా కబుర్లు చెప్పుకునేవారు.

“అత్తయ్యగారికి తెలిస్తే నెయ్యి దాచేస్తారు. ఎవరికీ చెప్పకమ్మా,” అనేది సూర్యావతి.

రేవతి భర్తకు చెప్పలేదు. అమ్మకు రాసే ఉత్తరంలోనూ రాయలేదు. ఆ ఇంట్లో తనకంటూ ఒక మనిషి దొరికిందని మురిసిపోయింది.

ఓ సాయంత్రం అత్తగారు, “ఇవాళ కేకులో యాలకులు ఎక్కువేసేరే!” అన్నారు.

రేవతి బిత్తరపోయింది. “మీకెలా తెలుసండీ?”

“మొదట్నుంచీ నా ముక్క సూర్యావతి తెచ్చిస్తూనే ఉందమ్మా. నీకు మాత్రం తెలీనివ్వొద్దంది. నీ నోట్లో నువ్వుగింజ నానదంట.”