అదరని గోడ

బెల్టు మళ్లీ లేచేలోపే కాలింగ్ బెల్ మోగింది.

నొక్కిన వేలు తీయకుండా మోగిస్తూనే ఉంది అవతలి మనిషి.

"వచ్చింది దెయ్యం!" అంటూ మొగుడు బెల్టు విసిరేసి తలుపు తీశాడు.

గుమ్మంలో పక్కింటి ముసలావిడ. ఆ బిల్డింగులో అందరూ ఆవిడను సైరన్ మామ్మ అంటారు.

"కాసేపు నడుం వాలుద్దామంటే ఏమిటయ్యా మీ గోల? ఇది ఇల్లా, సంతా?"

"నా ఇల్లు, నా ఇష్టం. పోవమ్మా!"

"కాపురాలు చేసుకునేవాళ్లం ఉన్నామిక్కడ! మమ్మల్ని బతకనివ్వరా?"

అతనొకటి అంటే ఆవిడ సంబంధం లేకుండా ఇంకొకటి అంటుంది. తన ధోరణి తనదే. ఈలోగా కిందా పైనా తలుపులు తెరుచుకున్నాయి. జనాన్ని చూసేసరికి మొగుడుగారి పౌరుషం నీరుగారిపోయింది. చొక్కా తగిలించుకుని వీధిలోకి పోయాడు.

సైరన్ మామ్మ లోపలికి తొంగి చూసింది. చిట్లిన పెదవిని కొంగుతో కప్పుకుని, ఆ ఇల్లాలు గభాలున తలుపు వేసేసింది.

ఆమెకు దెబ్బల కంటే ఈ ముసలావిడే ఎక్కువ బాధ. మెట్ల మీద ఎదురైనవాళ్లంతా జాలిగా చూస్తుంటే చచ్చిపోవాలనిపించేది. కొడితే తన మొగుడు కొట్టాడు, ఇంటి గుట్టు వీధిన పడెయ్యడానికి ఈ గయ్యాళి ఎవరు?

పరువు ఎంత పాడుదో చూడండి, ఉపాయం చెప్పింది కూడా ఆమే.

"ఆ ముసలావిడ వైపు గోడకి జిప్సం బోర్డులు వేయిద్దామండీ. నేను పనిచేసే పళ్ల డాక్టరుగారి దగ్గర వేయించారు. లోపల పన్ను పీకుతుంటే పెట్టే కేకలు బయట కూర్చున్నవాళ్లకి వినపడవు."

"ఇన్నాళ్లకి పనికొచ్చే మాట ఒకటన్నావు" అని మెచ్చుకున్నాడు మొగుడు.

మేస్త్రి వచ్చాడు. పాత గోడకు తగలకుండా, కాస్త ఎడంగా ఇనుప ఫ్రేము నిలబెట్టాడు. సందులో దూదిలాంటి పీచు కూరాడు. పైన రెండు పొరల జిప్సం బోర్డు బిగించి అతుకులు పూడ్చాడు.

"ఇక మీరిక్కడ రోకళ్లు పెట్టి దంచినా అవతల గోడ అదరదు సార్" అన్నాడు.

ఆ వారమే ఆమె పని నుంచి రావడం కాస్త ఆలస్యమైంది. అంతే.

బెల్టు లేచింది. పడింది. మళ్లీ లేచింది.

ఆమె కళ్లు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి. బెల్ మోగలేదు.

అతను కూడా ఆగి, చెవి రిక్కించి విన్నాడు. నవ్వాడు.

ఇక అడ్డేముంది? అంతకుముందు బెల్టుతో ఆగేవాడు, ఆ తర్వాత చేతికి ఏది దొరికితే దానితో కొట్టాడు. నెల తిరక్కుండానే ఒకరోజు జుట్టు పట్టి ఆమె తలను కొత్త బోర్డుకేసి బాదాడు. బోర్డు పగిలి తెల్లటి పొడి ఆమె ముఖం నిండా రాలింది. అడ్డం పెట్టిన చెయ్యిని మెలితిప్పి విరిచేశాడు.

"అరువు! ఇంకా గట్టిగా అరువు! ఏదే నీ సైరన్?"

"మామ్మగారూ!" అని అరిచింది ఆమె, మొదటిసారి.

ఎవరూ రాలేదు.

అతను అలిసిపోయి స్నానానికి పోయాక, వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆమె పక్కింటికి పరిగెత్తి బెల్ నొక్కింది.

తలుపు తీసింది ముసలావిడ కూతురు. ఆమె వాలకం చూసి గబుక్కున లోపలికి లాగి గొళ్లెం పెట్టింది.

"మామ్మగారేరీ?"

"అమ్మ మొన్న మా ఇంటికొచ్చి, అక్కడే నిద్రలో పోయిందమ్మా. సామాన్ల కోసం వచ్చాను. పక్కింటి అమ్మాయివి నువ్వేనా? పోయేదాకా నీ మాటే. 'ఈమధ్య అంతా నెమ్మదిగా ఉందే, ఆ పిల్ల గట్టెక్కింది' అని ఎంత సంబరపడిందో!"

ఆమె భోరుమంది.

"మా గోలకి నిద్ర పట్టక తిడుతోందనుకున్నానండీ. చప్పుడు వినపడకుండా ఆ బోర్డులు వేయించింది నేనే."

కూతురు ఆమె వంక వింతగా చూసింది.

"చప్పుడు వినడమేమిటమ్మా? అమ్మ మంచం ఆ గోడకే ఆనించి ఉండేది, గోడ అదిరితే లేచి మీ ఇంటికి పరిగెత్తేది. మా నాన్న కొట్టిన దెబ్బలకి, నా చిన్నప్పుడే ఆవిడకి రెండు చెవులూ పోయాయి."