యూనివర్సిటీ గారు

మధ్యాహ్నం మూడింటికి కళ్లద్దాల షాపుకి ఫోన్ వచ్చింది. ఆయన అప్పుడు ఒక టీచరమ్మ ముక్కు మీద కొత్త ఫ్రేము సరిచేస్తున్నాడు.

"ఏవండీ, రిజల్టు వచ్చింది. పిల్లకి సీటు రాలేదు," అంది భార్య. "గదిలోకెళ్లి పడుకుంది. అన్నం కూడా తినలేదు. నేను చెబితే వినడం లేదు. మీ యూనివర్సిటీయే కదా, మీరే వచ్చి ఏదో ఒకటి చెప్పండి."

టీచరమ్మని సాగనంపి, షట్టరు సగం దించాడు. అంతలో ఏం తోచిందో, లోపలికి వెళ్లి కౌంటరు వెనక గోడకున్న ఫొటోని తీసి సంచీలో పెట్టుకున్నాడు. చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

ఇల్లు నాలుగు వీధుల అవతల. దారిలో ముగ్గురు నమస్కారం పెట్టారు. పేటలో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. 'యూనివర్సిటీ గారు' అంటారు.

ఆ బిరుదు ఆయన చెమటోడ్చి సంపాదించింది కాదు. అంతా ఆ ఫొటో చలవ. పందొమ్మిదేళ్లప్పుడు, రాష్ట్ర యూనివర్సిటీ మెట్ల మీద, అన్నయ్య చొక్కా వేసుకుని నిలబడి దిగిన ఫొటో. మొదటి పదేళ్లూ దానివైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు. తర్వాత యూనివర్సిటీకి దశ తిరిగింది. ఏటా దరఖాస్తులు పెరిగాయి, సీట్లు పెరగలేదు. వందమంది రాస్తే పదిమందికి వచ్చేది కాస్తా ఐదుగురికి, ఇప్పుడు ముగ్గురికి వస్తోంది. దాంతోపాటు ఫొటోలో ఉన్న కుర్రాడి విలువా పెరుగుతూ పోయింది. ఆయన మాత్రం అదే స్టూలు మీద కూర్చుని అవే అద్దాలు అరగదీస్తూ ఉన్నాడు. స్టూలు దిగకుండా మేధావి అయిపోయిన మనిషి తనొక్కడేనని ఆయనకే ఒక్కోసారి నవ్వొచ్చేది.

"అక్కడ సీటు కొట్టి కూడా, మేనమామ షాపు కోసం చదువు వదిలేసుకున్నారట. ఎంత త్యాగం!" అనేవారు జనం.

ఆయన మొహమాటంగా నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. తుడుచుకోవడంలో ఒక సుఖం ఉంది. ఎదుటివాళ్ల మొహాలు కనబడవు.

పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ఇంటర్వ్యూ సంగతులు చెప్పమనేవారు. ఆయన దగ్గర ఉన్నది ఒకటే సంగతి.

"'ఇక్కడే ఎందుకు చేరాలనుకుంటున్నావు?' అని అడిగారండీ. 'మిగతా చోట్ల గడువు దాటిపోయింది సార్' అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు."

"నిజాయితీ అంటే అదీ!" అని మురిసిపోయేవారు. ఒకావిడైతే కొడుకు చేత ఆ మాట నోట్సులో రాయించి, కింద గీత కూడా గీయించింది. ఆ కొడుకు ఏమయ్యాడో అడిగే ధైర్యం ఆయనకి లేకపోయింది.

కూతురు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దిండు తడిసిపోయింది.

"అమ్మలూ."

"ఏం చెప్పకు నాన్నా. మనింట్లో నేనే మొద్దుని. 'యూనివర్సిటీ గారి అమ్మాయికే రాలేదట' అని రేపట్నుంచి షాపుకొచ్చి మరీ అడుగుతారు. నీ పరువు తీసేశాను."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. తన పరువు కోసం పిల్ల ఏడవడమా! ఇన్నేళ్లలో ఎన్నడూ వేయనంత సిగ్గేసింది. మంచం అంచున కూర్చున్నాడు.

"నీకో సంగతి చెప్పాలి. పేటలో ఎవరికీ తెలీదు. మా రోజుల్లో అది ఇప్పటి యూనివర్సిటీ కాదు. రెండొందల యాభై సీట్లుంటే రెండొందల మంది కూడా రాసేవాళ్లు కాదు. వాళ్ల గుమాస్తా బస్టాపులో నిలబడి ఫారాలు పంచేవాడు. బస్సు కోసం వచ్చినవాళ్లక్కూడా ఇచ్చేవాడు."

కూతురు కాస్త ఇటు తిరిగింది. "నిజంగానా?"

"ఒట్టు. లెక్కల్లో మూడుసార్లు తప్పినవాడికీ సీటొచ్చింది. ఫారంలో తన పేరుండాల్సిన చోట వాళ్ల నాన్న పేరు రాసినవాడికీ వచ్చింది. వాళ్ల నాన్న పేరు మీదే వచ్చింది."

ఏడుపులోనే ఆమెకి నవ్వొచ్చింది. కానీ అది పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"సరే, తేలిగ్గానే వచ్చిందనుకో. వచ్చిందిగా! నాకేమో 'చింతిస్తున్నాము' అని మెసేజ్ పంపారు. ఆ మాట చదివితే ఎలా ఉంటుందో నీకేం తెలుసు నాన్నా?"

ఆయన కళ్లజోడు తీయబోయి ఆగిపోయాడు. ఇప్పుడు కూతురి మొహం కనబడాలి.

సంచీలోంచి ఫొటో తీశాడు. జేబులోని స్క్రూడ్రైవరుతో ఫ్రేము వెనకున్న నాలుగు మరలూ విప్పాడు. అట్ట ముక్క ఊడి వచ్చింది. దాని వెనక మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. పచ్చబడి, మడతల దగ్గర చిరుగులు పట్టింది.

"ఇది మీ అమ్మక్కూడా చూపించలేదు," అంటూ చేతికిచ్చాడు.

పైన యూనివర్సిటీ ముద్ర. దాని కింద ఆయన పేరు. ఆ కింద టైపు కొట్టిన వాక్యం ఒక్కటే. కూతురు కళ్లు తుడుచుకుని పైకే చదివింది.

"ఈ సంవత్సరం అందిన నూట తొంభై ఏడు దరఖాస్తులలో నూట తొంభై ఆరింటిని ఆమోదించి, మీ ఒక్కరి దరఖాస్తును మాత్రం తిరస్కరించవలసి వచ్చినందుకు చింతిస్తున్నాము."