చిన్న గది బుకింగ్

ఆఫీసులో ఒక్క చిన్న గదికి తప్ప మీటింగ్ గదులన్నిటికీ బుకింగ్ కోసం మెయిల్ సర్వర్లో ఉమ్మడి క్యాలెండర్లు పెట్టింది కంప్యూటర్ల పని చూసే పెద్దాయనే. ఏనాడూ ఒకే గది కోసం ఇద్దరు తగువుపడింది లేదు. ఆయన చనిపోయాక ఆ పని శిష్యురాలి మీద పడింది.

ఒక రాత్రి ఆఫీసులో ఒక్కతే కూర్చుని, మిగిలిపోయిన చిన్న గదికీ క్యాలెండర్ తయారుచేసింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని, ఇప్పుడే గది కావాలని అడిగింది. కుదరదని జవాబొచ్చింది. అప్పటికే పెద్దాయన పేరున బుక్కయి ఉంది. ఆయన అకౌంటు తీసేసింది తనే.

"పోయినా పనిలో నన్ను మీకంటే ముందుకెళ్లనివ్వరు కదా సార్," అంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

చిన్న గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరు అడిగినా తన పని పక్కనపెట్టి, లేచి గది ఇచ్చేసే మనిషి ఆయన.

మెల్లగా తలుపు తెరుచుకుంది. తెర మీద ఆయన పేరు పోయి ఆమె పేరు వచ్చింది. దాని కింద ఒక్క ముక్క:

"రామ్మా, గది నీదే."