పచ్చగా ఉంటే అడవే

ఇరవై ఏళ్లుగా అడవి పటం గీసేది గద్ద బాబాయే. ఏటా పైనుంచి చూసి, పచ్చగా కనబడిన చోటల్లా పటం మీద ఆకుపసరు పూసేవాడు.

ఈ ఏడు పటం విప్పి, "అడవి రెట్టింపయిందర్రా!" అని ఛాతీ విరిచాడు.

వడ్రంగిపిట్టకు ఒళ్లు మండింది. "నా చెట్టు కొట్టేశారు. పక్క చెట్టూ కొట్టేశారు. ఇంక పెరిగిందెక్కడ?"

"అదిగో, ఆ మూల! ఎంత చిక్కటి అడవో!"

"అయితే ఈసారి గూడు అక్కడే కట్టుకో బాబాయ్."

"ఎందుకు కట్టనూ!" అంటూ గద్ద బాబాయి రివ్వున వెళ్లి వాలాడు. బుడుంగున మునిగాడు. అది పాచి పట్టిన కుంట.

పక్కనే పచ్చటి కప్ప ఒకటి తల పైకెత్తి, తాపీగా అడిగింది: "బాబాయ్, మరి నన్ను ఏం చెట్టని రాసుకున్నావు?"