బోర్డు చెప్పిన ఔట్

బంతి బ్యాటును వదలగానే అది ఎవరి చేతికి చిక్కుతుందో మైదానంలోని బోర్డు లెక్కగట్టి చెప్పేస్తుంది. ఆ లెక్క తప్పగా ఎవరూ చూడలేదు. అందుకే అనంతపురం సాఫ్ట్‌బాల్ పోటీల్లో ఇప్పుడెవరూ క్యాచ్ పట్టేదాకా ఆగరు.

ఆరోజు ఫైనల్. హరిణి ఔటైతే ఆమె జట్టు ఓడినట్టే. ఆమె బంతిని ఆకాశంలోకి కొట్టింది. బోర్డు మీద ‘ఔట్’ అని వెలిగింది. హరిణి తల వంచుకుని వెనుదిరిగింది. బంతి పట్టాల్సిన అమ్మాయి కూడా, పట్టేసినట్టేనని గ్లౌజు విప్పి, జట్టు దగ్గరికి గంతులేస్తూ వెళ్లింది.

మైదానం హద్దు తాడు అవతల శనక్కాయలు ఒలుస్తున్న హరిణి తల్లి ఒక్కతే ఇంకా పైకి చూస్తోంది.

“ఉరుకు పాపా, ఉరుకు!”

బంతి దుమ్ములో పడింది. హరిణి బేసులన్నీ చుట్టి వచ్చింది.

“బోర్డు ఔటని చెప్పింది కదమ్మా?” అన్నాడు అంపైరు ఆ తల్లితో.

“చెప్పింది సార్. పట్టుకునిందెవురు?”