యాభై నారింజలు

హాన్‌పెంగ్ చేతిలో ఒక్క నారింజ మిగిలింది. గల్లాలో పదకొండు వందల యువాన్లున్నాయి. కౌంటర్ గోడకు వేలాడే పాండాలు, రొయ్యలు, మాజాంగ్ ఆట పలకలు ఎన్నో ఉన్నాయి. అన్నీ పెన్‌డ్రైవ్‌లే, అన్నీ అమ్మకానికే. ఈ నారింజ మాత్రం అమ్మేది కాదు. ఆకు పట్టుకుని మూత లాగి కంప్యూటర్‌కు గుచ్చాడు.

తెర మీద ఏమీ లేదు. తీసి మళ్లీ గుచ్చాడు. ఖాళీ. అది కొత్త సరుకు.

పొద్దున భార్య సుఫెన్ ఇచ్చిన నారింజను బల్ల మీద పెట్టాడు. పక్కనే అప్పుడు యాభై నారింజలున్న పళ్లెం ఉంది. గంట కిందట పళ్లెం ఖాళీ చేసి, యాభై లెక్కపెట్టి, మూడో వరుసలో కౌంటరున్న పాంగ్‌కు అమ్మాడు. లెక్క తప్పలేదు. కాయ మారింది.

సుఫెన్ గొంతులో గడ్డ ఉందని తీసేసినప్పుడు స్వరపేటిక కూడా తీసేశారు. రెండు నెలలైంది. ఇక మాట రాదు. ఎల్లుండి కూతురు యాలిన్ పెళ్లి. తమ చావ్‌జౌ ప్రాంతం వాళ్ల పెళ్లిలో జుట్టుకు దువ్వెన పెట్టినా, తీపి గుడ్డు తినిపించినా, గడప దాటించినా నాలుగేసి మాటల దీవెన చెప్పాలి. అవన్నీ తల్లి నోటితోనే వినాలని యాలిన్ పట్టు. అందుకే ఆపరేషన్‌కు ముందురోజు సుఫెన్ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, అద్దెకు తెచ్చిన రికార్డింగ్ యంత్రంలో పదకొండు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో దగ్గింది, ఒకచోట నవ్వింది. అదంతా నారింజలోకి ఎక్కించి యంత్రం తిరిగి ఇచ్చేశారు.

రెండో నకలు లేదు. పదకొండేళ్లుగా "ఒకటి పోతే ఎలా? రెండోది తీసుకోండి" అని జనానికి అంటగట్టిన మనిషి అతను.

మూడో వరుసకు పరుగున వెళ్లాడు. పాంగ్ నూడుల్స్ తింటోంది. యాభై నారింజలూ డబ్బాలోనే ఉన్నాయి. అతని ప్రాణం లేచివచ్చింది. ఇంకెవరైనా అయితే కొనగానే అన్నీ ఒకేసారి పరీక్ష యంత్రానికి గుచ్చి, సామర్థ్యం సరిగా ఉందో లేదోనని చివరిదాకా చెత్త డేటా రాసి చూసేవారు. లోపలున్నది మిగిలేది కాదు. పాంగ్ ఏనాడూ అతని సరుకును పరీక్షించలేదు.

నిజం చెబుదామనుకున్నాడు. కానీ ఈ బజారు అంతస్తులో అవసరం బయటపెడితే ధర పదింతలవుతుంది. ఒక్కొక్కటీ గుచ్చి చూస్తానన్నా పసిగట్టేస్తుంది.

"అక్కా, ఆ నారింజలు వెనక్కిచ్చెయ్యి. పద్దెనిమిది చొప్పున నీ తొమ్మిది వందలూ ఇచ్చేస్తా."

"ఏం, ఎక్కువిచ్చేవాడు దొరికాడా?"

"లేదక్కా. ఆ విడతలో చిప్పుల మీద అనుమానంగా ఉంది. రేపు ఎవరైనా తిడితే నా పేరేగా పోయేది?"

"అబ్బో! అంత పేరుందా నీకు? నాకెవరూ చెప్పలేదే!"

"ఇరవై అయిదు ఇస్తా."

పాంగ్ నూడుల్స్ తినే పుల్లలు కింద పెట్టింది. "పాడైన సరుకుకు ఎదురు లాభమా? తమ్ముడూ, నేనీ కౌంటర్లో నిన్నగాక మొన్న కూర్చోలేదు. యాభై చెయ్యి."

"ముప్ఫై."

"నలభై. లేదంటే నా నూడుల్స్ చల్లారిపోతున్నాయి, వెళ్లు."

"సరే, నలభై. మిగతా తొమ్మిది వందలు బ్యాంకు నుంచి తేవాలి. ఎవరికీ అమ్మకు."

"పారిపోతాయా ఏంటి?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరదలెలా ఉంది? ఏమైనా తింటోందా?" అని అడిగింది.

చెప్పడానికి అదే సమయం. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బేరం తెగింది, డబ్బు ఇంకా చేతులు మారలేదు.

"బాగానే ఉందక్కా," అని కదిలాడు.

బ్యాంకులో భోజనాల వేళ ఒక్క కిటికీయే తెరిచి ఉంది. వరుసలో యాభై నిమిషాలు నిలబడి లెక్క వేసుకున్నాడు. నష్టం పదకొండు వందలు. వచ్చేది సుఫెన్ గొంతు, నిమిషం వంద యువాన్లకు. జీవితంలో ఇంత చవక సరుకు కొనలేదనుకున్నాడు. ఫోన్ మోగింది. సుఫెన్ సందేశం: "యాలిన్ వినాలంటోంది. తొందరగా రా."

తిరిగి వచ్చేసరికి పాంగ్ డబ్బా కట్టి సిద్ధంగా ఉంచింది. విప్పి చూశాడు. యాభై. రెండు వేలు చేతిలో పెట్టాడు. డబ్బాను కడుపుకు హత్తుకున్నాడు. పాంగ్ నోట్లు లెక్కపెట్టి, పదకొండు వందలు అతని జేబులో కుక్కింది.

"ఏంటక్కా ఇది?"

"నా అసలు చాలు. ఇంట్లో ఆపరేషన్ ఖర్చు, పెళ్లి ఖర్చు. అయినా పాడైందని నోరు తెరిచి చెప్పి మరీ వెనక్కి తీసుకుంటున్నావు. అలాంటి వాడి దగ్గర లాభం గుంజితే నాకు అరుగుతుందా?"

హాన్‌పెంగ్ ముఖం వేడెక్కింది. "అక్కా, నీకో నిజం చెప్పాలి..."

"ఉండు, ముందు నా మాట విను. నీ మొహం చూసి నాకే మనసు ఊరుకోలేదు. నీ సరుకు బంగారం తమ్ముడూ, అనవసరంగా బెంగపడ్డావు."

"నీకెలా తెలుసు?"

పాంగ్ నవ్వింది.

"నువ్వు బ్యాంకుకెళ్లగానే యాభైకి యాభై చివరిదాకా రాసి చూశాను."